గుడ్డ లేకుండా తిరిగిన మిషను

మిషనమ్మ గురించి ఇప్పుడు ప్రచారంలో ఉన్న మాటలు ఇవి. ఆమెకు మతి చలించిందని కొందరన్నారు. మూతపడిన వినోదశాలలోంచి కంపెనీ సొత్తు ఎత్తుకుపోయిందని మరికొందరన్నారు. కత్తెర తీసుకుని ఒక అమ్మాయి మీదికి పోయిందని, బొమ్మతో మాట్లాడిందని, దాని తల పగలగొట్టిందని కూడా చెప్పుకున్నారు. వీటన్నిటికన్నా ఎక్కువమంది నమ్మినది, నాకు ఎక్కువ కోపం తెప్పించినది మరొకటి ఉంది. ఆ చోటంటే ఆమెకు ప్రాణమట. పాత రోజులు గుర్తొచ్చి మిషను మీద పడి వెక్కివెక్కి ఏడ్చిందట. ఈ చివరి మాట అన్నవారు మంచి మనసుతోనే అన్నారు. మంచి మనసుతో చెప్పినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు.

ఆ మధ్యాహ్నం నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె రమ్మంటేనే వెళ్ళాను. పనివాళ్ళకూ యజమానులకూ మధ్య తగాదాలు విని తీర్పులు రాయడంలో నా ఉద్యోగం గడిచింది కాబట్టి, నేను తోడుంటే గేటు దగ్గర తనను తోసెయ్యరని ఆమె అంచనా. చూసినది చూసినట్టుగా, విన్నది విన్నట్టుగా రాస్తున్నాను.

పెద్ద బజారు వెనక ఒకప్పుడు ఒక సందు ఉండేది. ఆ సందు మొదట్లో, రెండు గోడల మధ్య ఇరికించినట్టున్న కొట్లో ఆమె కుట్టుపని చేసేది. తల్లి దగ్గర నేర్చుకున్న పని, తల్లి చేతి మీదుగా వచ్చిన కాలి మిషను. నా మొదటి కోటు ఆమె కుట్టినదే. కొలత తీసేటప్పుడు పెదవుల మధ్య వరసగా గుండుసూదులు పెట్టుకునేది. అందువల్ల ఆమె మాటలన్నీ పొట్టివి. "చెయ్యెత్తు." "తిరుగు." "పొట్ట లోపలికి పీల్చకు, కోటు నీ పొట్టకే." ఆమె నవ్వడం ఆ సందులో ఎవరూ చూడలేదు. నోటినిండా సూదులున్న మనిషి నవ్వితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. సూదులు లేనప్పుడు కూడా అదే అలవాటై, పెదవులు బిగించుకునే ఉండేది.

పక్క కొట్టు గడియారాలు బాగుచేసే ఆయనది. అందరూ ఆయన్ని గంటలాయన అనేవారు. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి కూడా మెల్లగా వదిలే మనిషి. ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆయన గోడ మీద గడియారాలన్నీ తలా ఒక సమయం చూపిస్తుంటే, "అన్నయ్యా, నీ కొట్లో టైము అడగడమంటే గుడ్డివాణ్ణి దారి అడగడమే" అని ఆమె ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేవాడు. ఇద్దరి వాటా నవ్వూ ఆయనే నవ్వేవాడు.

ఆ సందును కూలగొట్టి పెద్ద వ్యాపార భవనం కట్టారు. పై అంతస్తులో, కప్పు కింద, ఒక వినోదశాల పెట్టారు. దాని పేరు 'నిన్నటి వీధి'. కప్పుకు ఎప్పుడూ సాయంత్రంగానే ఉండే ఆకాశం రంగులతో వేశారు. పిల్లల కోసం ఒక చిన్న రైలు, చెక్క గుర్రాల రంగులరాట్నం, ప్లాస్టరుతో చేసిన మిఠాయిల కొట్టు, ఉత్తరం వేసినా ఎక్కడికీ పోని పోస్టుడబ్బా. మధ్యలో రాళ్ళు పరిచినట్టు కనిపించే రబ్బరు దారి. దారికి అటూ ఇటూ పాతకాలపు కొట్లు. వాటిలో కూర్చోవడానికి నిజంగా ఆ పని తెలిసిన మనుషులు కావలసి వచ్చి, కూలిన సందులోని వాళ్ళనే పిలిచారు.

"మీ సందును మీకే తిరిగి ఇస్తున్నామమ్మా" అన్నాడట మేనేజరు.

"మాకే ఇచ్చేదానికి మరి కూలగొట్టడం ఎందుకు బాబూ?" అని ఈమె అడిగిందట. ఇది నేను విన్నమాట. చెప్పింది గంటలాయన. ఆయనకు ఆ ప్రశ్న చాలా నచ్చింది, చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు. నచ్చినా, ఇద్దరూ ఆ పనిలో చేరారు. వేరే దారి లేదు. ఆమెకు బడికి వెళ్ళే కూతురుంది.

మిషను ఆమెదే. దాన్ని ఆమె కొట్టు నకలులో పెట్టుకోమన్నారు. మర్నాడే ఒకడు వచ్చి సూది తీసేశాడు. పిల్లలు వేలు పెడతారేమోనని. తర్వాత దారం తీసేశాడు. ఆమె రోజంతా కూర్చుని పెడలు తొక్కుతూ ఉండాలి, చూసేవాళ్ళకు చప్పుడు వినిపించాలి, అంతే పని. ఆ రోజుల్లో నేనొకసారి మనవరాలిని తీసుకుని వెళ్ళాను. "ఎలా ఉందమ్మా ఉద్యోగం?" అని అడిగితే, "నీళ్ళు లేని బావిలో చేద వేసి లాగినట్టుంది సారూ. చెయ్యి నొప్పి మాత్రం నిజమే" అంది.

అప్పుడే ఒక సంగతి గమనించాను. సూది లేదు, దారం లేదు, అయినా బట్టను అదిమిపట్టే మిషను పాదం కింద గుడ్డ ఉంది. పొడవాటి గుడ్డ రెండు కొసలూ కలిపి చేత్తో కుట్టి వలయంలా చేసుకుంది. తొక్కుతుంటే అది పాదం కిందినుంచి వెళ్ళి, బల్ల చుట్టూ తిరిగి, మళ్ళీ పాదం కిందికే వచ్చేది. ఎందుకని అడిగాను. కుట్టుపని తెలిసిన ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతేనట. మిషను పాదం కింద గుడ్డను ముందుకు లాగే ఇనుప పళ్ళు ఉంటాయి. మధ్యలో గుడ్డ లేకుండా తొక్కితే ఇనుము మీద ఇనుము రాసుకుని పళ్ళు అరిగిపోతాయి. అందుకే సాయంత్రం పని ముగించేటప్పుడు కూడా పాదం కింద ఒక గుడ్డముక్క పెట్టి దింపి వెళతారు. "మా అమ్మ అన్నం పెట్టడమైనా మరిచిపోయేదేమో గానీ, గుడ్డ పెట్టడం మరిచిపోయేది కాదు" అంది.

ఆమెతో కంపెనీకి వచ్చిన పేచీ ఒక్కటే. నవ్వమనేవారు. ఆమె పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూర్చునేది. సూదులు నిషేధించారు. గుండీలు పెట్టుకుంది. గుండీలు కూడా వద్దన్నారు. వట్టి పెదవులే బిగించుకుంది. ఆ తర్వాత కొంతకాలానికి, పాతవాళ్ళందరి ముఖాలూ అచ్చుతీసి గోడకు జ్ఞాపికలుగా పెడతామని చెప్పి, ఆమె ముఖం మీద తడి ప్లాస్టరు మెత్తారు. ఆమె కదలకుండా కూర్చుంది. గోడ మీద ఎప్పుడూ ఏదీ పెట్టలేదు. కొన్నాళ్ళకు ఇక రావద్దన్నారు. మిషను అడిగితే, అది ప్రదర్శనలో ఉంది కాబట్టి వినోదశాల ఎత్తేసినప్పుడు ఇస్తామన్నారు. మాట ఇచ్చిన మేనేజరు వెళ్ళిపోయాడు. వినోదశాలా మూతపడింది, తలుపులకు గొలుసులు పడ్డాయి, భవనం చేతులు మారింది. ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. కొత్తవాళ్ళు పాతవాళ్ళను అడగమన్నారు, పాతవాళ్ళు ఎక్కడున్నారో కొత్తవాళ్ళకే తెలియాలి. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. మర్యాదగా ఒక మనిషి ఆస్తిని కాజెయ్యడం ఎలాగో నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. ఇంత మర్యాదగా చేయడం మాత్రం తక్కువే చూశాను.

ఈ మధ్య ఆ పై అంతస్తును ఖాళీ చేసి ఆఫీసులు కట్టబోతున్నారని తెలిసింది. చిన్నప్పుడు ఆ వినోదశాలకు వెళ్ళిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళంతా ఫోనుల్లో ఒక గుంపుగా చేరి, కూల్చేముందు ఒక్కసారి చూసుకుంటామని యజమానులను బతిమాలారు. ఒక మధ్యాహ్నం పాటు తెరవడానికి ఒప్పుకున్నారు. పాత పనివాళ్ళు కూడా రావచ్చన్నారు. షరతు ఒకటే. చూడండి, దేన్నీ ముట్టుకోకండి.

మిషనమ్మ ముట్టుకోవడానికే బయల్దేరింది. కూతురు అప్పటికి బట్టల ఫ్యాక్టరీలో కాలరు తర్వాత కాలరు కుట్టి విసిగిపోయి, ఒక మెట్ల కింది గది అద్దెకు తీసుకుంది. సొంత కొట్టు. బల్ల వచ్చింది, అద్దం వచ్చింది, బోర్డు రాయించింది. మిషను ఒక్కటే లేదు. "మిషను నేను తెస్తాను. నువ్వు కొనకు" అని తల్లి మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నం.

ఆగిపోయిన ఎస్కలేటరు మీదుగా నడిచి ఎక్కాం. నేను, ఆమె, ఆమె కూతురు. ముందు గుంపు, వెనక మేము. కింద గంటలాయన కలిశాడు. ఆయన చేతికి ఇప్పుడు కర్ర వచ్చింది. ఆమెను చూసి "చెల్లెమ్మా, నువ్వూ వచ్చావా!" అన్నాడు. ఆ గొంతులో సంతోషంకన్నా గాభరా ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. అప్పుడు దానికి నేను విలువ ఇవ్వలేదు.

లోపల తడిసిన అట్టపెట్టె వాసన. కప్పు మీది ఆకాశం పెచ్చులు పెచ్చులుగా ఊడి రబ్బరు రాళ్ళ మీద పడి ఉంది. రైలు పట్టాల మీద నీళ్ళు నిలిచాయి. రంగులరాట్నం గుర్రాలలో ఒకదానికి తల లేదు, ఆ మెడమీద ఎవరో పాత హెల్మెట్ పెట్టారు. గుంపు మాత్రం ప్రతి మూలా చూసి పరవశించిపోతోంది. "అయ్యో, ఈ రైలు!" "ఈ పోస్టుడబ్బాలో నేను ఉత్తరం వేశాను!" చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికున్నప్పుడు ఆ రైలు రోజుకోసారి పట్టాలు తప్పేది. నాకు తెలుసు, అందులో ఒకసారి ఇరుక్కున్నాను.

ఫోను పట్టుకుని అన్నీ చిత్రీకరిస్తున్న ఒక అమ్మాయి మిషనమ్మను చూసి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా! మీరు టైలరు అమ్మమ్మ కదూ? గుర్తుపట్టాను! మీ నవ్వు నాకిప్పటికీ కళ్ళల్లో ఉంది!"

"ఏ నవ్వు?"

"అదే, మిషను తొక్కుతూ నవ్వేవారు కదా. నేను చెయ్యి ఊపితే మీరు తల ఊపేవారు. మా అమ్మ తిట్టినప్పుడల్లా మిమ్మల్నే తలుచుకునేదాన్ని."

"నేనెప్పుడు నవ్వానే?"

అమ్మాయి అదేదో పరిహాసమనుకుని ఇంకా గట్టిగా నవ్వింది. కూతురు తల్లి మోచెయ్యి పట్టుకుని, "పోనీలే అమ్మా, పాపం చిన్నపిల్ల. నువ్వు నవ్వావనుకుంటే మనకేం నష్టం?" అంది.

"నేను చెయ్యని పని నా పేరున రాస్తే నాకు కాక ఎవరికే నష్టం?"

మలుపు తిరిగితే కుట్టుకొట్టు. కూతురు ఫోను లైటు వేసింది. లోపల, మిషను ముందు, మిషనమ్మ కూర్చుని నవ్వుతోంది.

ఒళ్ళంతా చెక్క, గుడ్డ. మీద ఆమె తొడుక్కునేలాంటి పొడవు చేతుల చొక్కా. ముఖం మాత్రం ప్లాస్టరు. ఆమె నుదురు, ఆమె ముక్కు, ఎడమ కనుబొమ మీది గాటుతో సహా ఆమె ముఖమే. పెదవులు మటుకు ఎవరో పైకి వంచి, గులాబి రంగు వేశారు. మెడలో ఒక స్ప్రింగు, తల ఊగడానికి. చెక్క కాలు పెడలుకు బిగించి ఉంది. అమ్మాయి చెయ్యి ఊపిన మనిషి ఎవరో అందరికీ ఒక్కసారి అర్థమైంది. అమ్మాయి ముఖం పాలిపోయింది. ఫోను మాత్రం దించలేదు.

మిషనమ్మ కాసేపు దాన్ని చూసి, "లే" అంది. "అది నా స్టూలు."

బొమ్మతో మాట్లాడిందన్నది ఇదే. మాట్లాడిన మాట నిజం. అందులో మతి చలించిన లక్షణం నాకు కనబడలేదు. బొమ్మను, కాలు పెడలునుంచి విడదీసి, తల్లీకూతుళ్ళిద్దరూ ఎత్తి పక్కన గోడకు ఆనించారు. ఆమె స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని, మిషను పాదం పైకెత్తింది. కింద గుడ్డ లేదు. వేలితో తడిమింది. నా వైపు తిరగకుండానే, "సారూ, మీరూ తడమండి" అంది. తడిమాను. పళ్ళు ఉండవలసిన చోట నున్నగా, అరిగిపోయిన నాణెంలా ఉంది.

తర్వాత చక్రం పట్టుకుని తిప్పబోయింది. కదల్లేదు. లేచి నిలబడి, మిషను మీదికి వంగి, రెండు చేతులతో తన బరువంతా వేసి తిప్పింది. భుజాలు అదిరాయి, గొంతులోంచి మూలుగు వచ్చింది. మిషను మీద పడి ఏడ్చిందని లోకమంతా ఫోనుల్లో చూసిన వీడియో ఇదే. దానికి వెనకనుంచి విషాద సంగీతం తర్వాత చేర్చారు. ఆమె ఏడవడం లేదు. పట్టేసిన ఇరుసును విడిపించాలని పెనుగులాడుతోంది.

కూతురు లైటు దగ్గరికి తెచ్చింది. చక్రానికి ఒక ఇనుప కడ్డీ అతికించి ఉంది, దాని రెండో కొస బల్ల కింద ఒక మోటారుకు. ఆ అతుకు పక్కనే చక్రం ఇరుసు దగ్గర చీలింది. పళ్ళు మార్చుకోవచ్చేమో, ఎక్కడైనా పాతసామాన్లలో దొరకవచ్చు. పట్టేసిన ఇరుసుకు, చీలిన చక్రానికి మందు లేదు.

"ఎవడు చేశాడు ఇది?" అంది. గట్టిగా కాదు. "మేనేజరు స్క్రూ కూడా తిప్పలేడు. ఇంత సాపుగా అతుకు వేసిన చెయ్యి ఎవడిది?"

గంటలాయన కర్ర చప్పుడు ఒకటి వినబడింది.

"నేనే చెల్లెమ్మా."

ఆమె తిరిగి చూసింది.

"బొమ్మ తయారుచేస్తున్నాం, మోటారు పెట్టగలవా అన్నారు. కాదంటే నన్ను కూడా రావద్దంటారని... చాలా జాగ్రత్తగా చేశాను. చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో సరిచూసి, ఎక్కడా తేడా రాకుండా పెట్టాను. గడియారంలా నడిచింది."

"గుడ్డ ఏమైంది?"

"ఏ గుడ్డ?"

"పాదం కింద నేను వదిలి వెళ్ళిన గుడ్డ."

"అదా... అది తిరుగుతూ కడ్డీకి చుట్టుకుంటోందని తీసేశాను. కుట్టేది లేదు కదా, గుడ్డెందుకు అనుకున్నాను."

"నూనె?"

ఆయన ముఖం కొంచెం వెలిగింది. ఈ ప్రశ్నకు తన దగ్గర జవాబుంది. "వేశానమ్మా, మరిచిపోతానా! మొదట్లోనే సూదిమొనతో ఒక్కో చుక్క, కీలు కీలుకూ వేశాను. ఎక్కువ వేస్తే దుమ్ము పడుతుందని మళ్ళీ ముట్టుకోలేదు."

సూదిమొనతో ఒక చుక్క, ఏళ్ళ తరబడి మళ్ళీ ముట్టుకోకపోవడం. గోడ గడియారానికి అది సరైన వైద్యం. ఎక్కువ నూనె గడియారాన్ని చంపుతుంది. కుట్టుమిషనుకు మాత్రం, తొక్కే మనిషికి నీళ్ళెలాగో, అలాగ రోజూ నూనె కావాలి. ఆయన ఆ మిషనును నిర్లక్ష్యం చెయ్యలేదు. తనకు తెలిసిన ప్రేమంతా పెట్టి, గడియారాన్ని చూసుకున్నట్టు చూసుకుని, చంపేశాడు.

మిషనమ్మ ఆయన్ని ఇక అన్నయ్యా అనలేదు.

"గంటలాయనా! పక్క కొట్లో అన్నేళ్ళున్నావు. పొద్దున్నే నేను నూనె వెయ్యడం చూశావు. సాయంత్రం గుడ్డ పెట్టి దించడం చూశావు. నీ కంటికి అంత పెద్ద అద్దం ఎందుకు మరి? గుచ్చుకోవడానికా?"

"తెలియక చేశాను చెల్లెమ్మా..."

"నూనె సంగతి తెలియదు, సరే. నా ముఖం తీసి చెక్కకు తగిలిస్తున్నారని తెలుసా, తెలియదా?"

ఆయన తల దించుకున్నాడు.

"నా మిషను నేను లేకుండా తిరుగుతోందని తెలుసా, తెలియదా? నేను గేటు దగ్గరికి వచ్చి అడుక్కుంటున్నప్పుడు నువ్వు లోపల కూర్చుని దీనికి తాళం తిప్పుతున్నావు. కంచే చేను మేసిందని ఊరికే అనలేదు. ఒక్కమాట చెబితే, గోడ దూకైనా వచ్చి గుడ్డ పెట్టి పోయేదాన్ని కదయ్యా!"

అప్పుడు అమ్మాయి ముందుకు వచ్చింది. ఆ పిల్ల సానుభూతి నిజమే. కానీ ఫోను మిషనమ్మ ముఖానికి జానెడు దూరంలో పెట్టి, "అమ్మమ్మా, ఇప్పుడు మీకేమనిపిస్తోంది?" అని అడిగింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన సామెత నేను పుస్తకాల్లో చదివాను. కళ్ళెదుట చూడడం అదే మొదలు. మిషనమ్మ చేతిలో ఉన్నది కత్తెర కాదు, స్క్రూడ్రైవరు. ఆ చెయ్యి లేవలేదు. రెండో చేత్తో ఫోనును కొట్టింది. అది రబ్బరు దారి దాటి పట్టాల మీద పడి, అద్దం పగిలింది.

"నీకు నవ్వు కావాలి, అంతేగా? అదుగో, గోడకు ఆనుకుని ఉంది, పోయి దాన్నడుగు. అది ఎవరేమడిగినా నవ్వుతుంది!"

అమ్మాయి ఏడ్చింది. ఏడ్చినవారి సంగతి రాయవలసివస్తే, ఆ మధ్యాహ్నం అక్కడ ఏడ్చింది ఆ ఒక్కతే. చిన్నతనంలో తనను ఓదార్చిన ముఖం మోటారుదని అప్పుడే తెలిసిన పిల్ల ఆమె. ఆమె తప్పు అతి తక్కువ. ఆమె మీద పడిన కోపం అతి ఎక్కువ. పైన సామెత నేను రాసినది నిజమే అయినా, ఇది కూడా రాయకపోతే న్యాయం కాదు.

కూతురు వంగి ఫోను తీసి అమ్మాయికిచ్చి, తల్లి దగ్గరికి వచ్చింది. "పోదాం పదమ్మా. మిషను లేకపోతే లేదు, అద్దెకు తెచ్చుకుంటాను."

"ఆగవే."

ఆమె బొమ్మ వెనక్కి వెళ్ళి, తల వెనక తడిమింది. ముఖం విడిగా పోతపోసి మరలతో బిగించినది. స్క్రూడ్రైవరుతో మరలు విప్పింది. తొందరపడలేదు. ముఖం చేతిలోకి వచ్చాక, తన సంచిలోని అస్తరు గుడ్డ తీసి, పగలకుండా చుట్టి పెట్టుకుంది. బొమ్మకు ముఖం ఉండవలసిన చోట ఒక బోలు చెక్క గుంట మిగిలింది. తల పగలలేదు. కావలసినవారు వెళ్ళి చూడవచ్చుననేవాణ్ణి, కానీ ఆ వారమే అన్నీ తుక్కుకు వెళ్ళాయి.

తర్వాత మళ్ళీ మిషను దగ్గరికి వచ్చింది. దాన్ని ఇక తీసుకువెళ్ళడం లేదని మాకందరికీ అర్థమైంది. సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసింది. కూతురు కొట్టు కోసం కత్తిరించిన మొదటి చొక్కాలో మిగిలిన ముక్క అట. రెండు మడతలు పెట్టి, అరిగిపోయిన పళ్ళ మీద పరిచి, పాదం మెల్లగా దించింది. అరచేత్తో బల్ల మీది దుమ్ము ఒకవైపుకు తుడిచింది. అంతే. సాయంత్రం పని ముగించినప్పుడు ఆమె తల్లి ఎలా చేసేదో నేను చూడలేదు. బహుశా అలాగే చేసి ఉంటుంది.

కింద తలుపు దగ్గర కాపలా అతను ఆపాడు.

"పెద్దమ్మా, సంచిలో ఏముంది?"

"నా ముఖం."

"అంటే?"

గుడ్డ విప్పి చూపించింది. అతను నవ్వాలో భయపడాలో తెలియక, "లోపలిదంతా కంపెనీది పెద్దమ్మా. ముట్టుకోవద్దని చెప్పారు కదా. నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

ఆమె ప్లాస్టరు ముఖాన్ని తన ముఖం పక్కన పెట్టుకుని నిలబడింది. "చూడు నాయనా. బాగా చూసి చెప్పు. ఇందులో కంపెనీ ముక్కు ఏది? కంపెనీ నుదురు ఏది? ఈ గాటు నాకు చిన్నప్పుడు కత్తెర తగిలి పడింది. కంపెనీకి ఎప్పుడు తగిలింది?"

అతను నా వైపు చూశాడు. ఆ క్షణం కోసమే ఆమె నన్ను తీసుకువచ్చిందని నాకు తెలుసు. అతనికి ఇలా చెప్పాను. జ్ఞాపిక కోసమని చెప్పి తీసుకున్న అచ్చును ఆ పనికి వాడలేదు. చెప్పిన పనికి వాడనప్పుడు ఇచ్చిన మనిషి వెనక్కి అడగవచ్చు. అడిగితే ఇచ్చే నాథుడు లేనప్పుడు ఆమె తీసుకుంది. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పమన్నాను. అతను పక్కకు జరిగాడు. జరుగుతూ, "నవ్వు మాత్రం నీది కాదు పెద్దమ్మా" అన్నాడు.

"నిజమే. అరగదీసి మీ కంపెనీకి పంపిస్తాను" అంది.

గంటలాయన బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన్ని దాటి వెళ్ళింది. కూతురి కొట్టు తెరిచాక ఒక గోడ గడియారం బాగుచేసి తెచ్చి ఇచ్చాడు. కూతురు తీసుకుని గోడకు తగిలించింది. తల్లి టైము తెలుసుకోవాలంటే వీధిలోకి వెళ్ళి ఎవరినైనా అడుగుతుంది. ఆయనతో మాట్లాడమని నేను చెప్పలేదు. నూనె ఆయన అజ్ఞానం. అది క్షమించదగినది. చెప్పకుండా ఊరుకోవడం అజ్ఞానం కాదు.

మొన్న కోటు చేతులు సరిచేయించుకోవడానికి ఆ కొట్టుకు వెళ్ళాను. అద్దె మిషను మీద కూతురు కుడుతోంది. ప్లాస్టరు ముఖం కత్తిరింపు బల్ల మీద ఉంది. పెదవుల చోట ఆకురాయితో రుద్ది సమంగా చేశారు. బట్ట జారిపోకుండా దాన్ని బరువుగా వాడుతున్నారు. మిషనమ్మ సూదులు పెదవుల మధ్య పెట్టుకుని, "చెయ్యెత్తు" అంది.

ఇక ఆమె చేసింది ఏమిటంటారా. కూతురికిచ్చిన మాట కోసం తన మిషను తెచ్చుకోవడానికి వెళ్ళింది. అది పనికిరాకుండా పోయిందని చూసి, దాన్ని వదిలి, పాదం కింద గుడ్డ పెట్టి వచ్చింది. తన ముఖాన్ని తాను తెచ్చుకుంది. పెద్దగా దోషం లేని పిల్ల ఫోను ఒకటి పగలగొట్టింది, అది తప్పు. ఇంతకు మించి ఆమె ఏమీ చెయ్యలేదు. మిగిలినదంతా ఇతరులు చేశారు.